పిల్లి తిరిగే ఇంట ఏ మొక్క ఉండవచ్చు?

ముప్పై ఏళ్ళ క్రితం సంగారెడ్డిలోని మా వైద్యశాలకు వచ్చి "మా పిల్లి మొక్క కొరికింది, ఏం చేయమంటారు?" అని ఎవరైనా అడిగి ఉంటే, అక్కడ కూర్చున్న రోగులందరూ నవ్వి ఉండేవారు. అప్పటి పిల్లి పెరటికీ, వీధికీ, ధాన్యపు గదికీ చెందిన ప్రాణి. ఎలుకలను పట్టేది. కడుపు బాగా లేనినాడు నాలుగు గరిక పరకలు కొరికి, కక్కుకొని, తన దారిన తాను పోయేది. దానికి వైద్యుడు అవసరమని ఎవరికీ తోచలేదు.

నేడు పటాన్‌చెరు, రామచంద్రాపురం, బీరంగూడ, అమీన్‌పూర్ ప్రాంతాలలో లేచిన అపార్ట్‌మెంట్లలోని పిల్లి వేరు. అది మూడవ అంతస్తులో పుట్టి, మూడవ అంతస్తులోనే పెరుగుతున్నది. దాని కాలికి మట్టి తగలదు, నోటికి గరిక దొరకదు. కాని కొరకాలనే సహజగుణం పోదు కదా! హాలు మూలన అందంగా అమర్చిన కుండీ దాని కంటబడుతుంది. ఆ కుండీలో ఉన్నది ఏ మొక్క అన్నదే ఇక్కడి ప్రశ్న. నెలనెలా ఆకుల గుణాలను, వేర్ల గుణాలను గురించి వ్రాసే నేను ఈసారి ఆకుల దోషాలను గురించి వ్రాయవలసి వచ్చింది. అందుకు కారణం నా పొరపాటే. దానిని ముందుగా చెప్పి తరువాత విషయానికి వస్తాను.

మూడేళ్ళ నాటి మాట. బీరంగూడలో నివసించే ఒక కుటుంబానికి నేను చాలాకాలంగా వైద్యుడను. ఆ ఇంటి యజమాని ఒక కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆనాడు తోటివారు ఇచ్చిన పూలగుత్తిని ఇంటికి తెచ్చి హాలులో బల్లపై నీళ్ళ పాత్రలో ఉంచారు. గులాబీల మధ్య పెద్ద పెద్ద తెల్లని లిల్లీలు. వారి మనుమరాలు పెంచుకొనే పిల్లి ఆ పూలను వాసన చూచింది, ముఖానికి అంటిన పుప్పొడిని నాకింది, ఒక రేకును కొరికింది. ఆ రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నది. ఆ ఇల్లాలు నాకు ఫోను చేశారు.

నేను తడుముకోకుండా సమాధానం చెప్పాను. "లంఖణం పరమౌషధం అమ్మా! ఒక పూట కడుపు మాడ్చండి, నీళ్ళు మాత్రం అందుబాటులో పెట్టండి, అదే సర్దుకుంటుంది" అన్నాను. మరునాటికి వాంతులు ఆగాయి. మనుమరాలు ఫోనులో "తాతా, మా పిల్లి బాగైంది" అన్నది. నా మాట నెగ్గిందని నేను కొంత గర్వపడ్డానని కూడా ఒప్పుకోవాలి. మూడవ రోజున ఆ పిల్లి నీరుడు ఆగిపోయి మూలన పడింది. అప్పుడు పశువైద్యుని వద్దకు తీసుకొనిపోయారు. ఐదవ రోజున అది చనిపోయింది.

లిల్లీ విషం పిల్లి మూత్రపిండాలను ధ్వంసం చేస్తుందనీ, మొదట వచ్చే వాంతులు తగ్గి ఆరోగ్యం కుదుటబడినట్లు కనిపించే ఆ ఒక్క రోజులోనే లోపల హాని జరిగిపోతుందనీ, మొదటి కొద్ది గంటలలో సెలైను ఎక్కించడం ప్రారంభిస్తే బ్రతికే అవకాశం బాగా ఉండేదనీ పశువైద్యుడు ఆ ఇల్లాలికి వివరించారు. ఆమె నాకు చెప్పారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అమ్మాయి మాత్రం ఆ తరువాత చాలా నెలలు నాతో మాట్లాడలేదు. ఆ కోపం న్యాయమైనదే.

లంఖణం గొప్ప ఔషధమే, కాని అది ఆమదోషానికి. ఎదుట ఉన్నది ఆమమో విషమో తెలుసుకోకుండా లంఖణం చెప్పడం వైద్యం కాదు. "పిల్లి దేనిని కొరికింది?" అన్న ఒక్క ప్రశ్నను నేను అడగలేదు. మనిషి విషయంలో రోగి ఏమి తిన్నాడో అడగకుండా నాడి కూడా పట్టను. పిల్లి కదా అని తేలికగా తీసుకున్నాను.

మా గురువుగారు మమ్మల్ని అడవికి తీసుకొనిపోయి మొక్కలను చూపించే రోజులలో మొదటి ఆరు నెలలు ఒక్క మందు మొక్క పేరు కూడా చెప్పలేదు. జిల్లేడు, జెముడు, అడవినాభి, గన్నేరు, గురివింద, ఉమ్మెత్త వంటి ఉపవిషాలతో పాఠం మొదలుపెట్టారు. చంపేదానిని గుర్తుపట్టలేనివాడు బ్రతికించేదానిని వెతకరాదని ఆయన పట్టుదల. సుశ్రుతుడు కల్పస్థానంలో స్థావర విషానికి పది స్థానాలు చెప్పాడు. వేరు, ఆకు, పండు, పువ్వు, బెరడు, పాలు, చేవ, జిగురు, దుంప, ఖనిజం. ఇది మొక్కలను ద్వేషించేవారి జాబితా కాదు, మొక్కలతోనే జీవితం గడిపినవారి జాబితా. "ప్రకృతి సిద్ధమైనది కనుక హాని చేయదు" అన్న మాట ఈ మధ్య ప్రతి సీసాపైనా కనిపిస్తున్నది. మా గురుకులంలో ఆ మాట అన్నవాడికి ఆ రోజు భోజనం ఉండేది కాదు.

ఇక్కడ కొందరు పండితులు నన్ను అడ్డగించవచ్చు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో అన్నరక్షను చెబుతూ, విషం కలిపిన అన్నాన్ని చూస్తే పిల్లి ఉద్వేగం పొందుతుందని వ్రాశాడు కదా, అటువంటి ప్రాణికి తనకు చెడుపు చేసే ఆకు తెలియదా అని. ఆ అధ్యాయం రాజుగారి వంటశాలను కాపాడడానికి చెప్పినది. నర్సరీ నుండి వచ్చిన విదేశపు మొక్కను గురించి కాదు. పిల్లి మాంసాహారి. ఆకులను వేరుచేసి గుర్తించే నేర్పు మేకకు ఉన్నంతగా దానికి లేదు. పైగా నాలుగు గోడల మధ్య విసుగెత్తిన కూన కదిలే ఆకునల్లా ఆటవస్తువుగానే చూస్తుంది.

ఇంతకూ మన ప్రాంతపు ఇళ్ళలోకి ఈ కుండీలు ఇంతగా ఎందుకు వచ్చాయి? అందం కోసమే కాదు, గాలి కోసం. 1970ల నుండి ఇక్కడ వెలసిన కర్మాగారాల సంగతి, నక్కవాగు నీటి సంగతి పాఠకులకు కొత్త కాదు. 1990లోనే ఈ కాలుష్యం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు సూచికలు కట్టినపుడు పటాన్‌చెరు–బొల్లారం 70 దాటి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేరింది. రాత్రి పది గంటల తరువాత ఘాటైన వాసన వచ్చి కిటికీలు మూసుకొన్న అనుభవం లేని ఇల్లు ఇక్కడ తక్కువ. అటువంటి ఇల్లాలికి ఎవరైనా "ఈ మొక్క గదిలోని విషవాయువులను పీల్చుకుంటుంది" అని చెబితే కొనకుండా ఎలా ఉంటుంది? మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, పీస్ లిల్లీ, డిఫెన్‌బాకియా, అన్నీ ఆ మాటపైనే అమ్ముడుపోతున్నాయి.

ఆ మాటకు మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తరఫున జరిగిన ప్రయోగాలు. అవి గాలి చొరబడని చిన్న పెట్టెలలో చేసినవి. మన ఇల్లు మూసిన పెట్టె కాదు. తలుపు సందులనుండి, కిటికీలనుండి గాలి మారుతూనే ఉంటుంది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత ప్రయోగాల లెక్కలన్నీ తిరిగి వేశారు. మామూలు గాలి మార్పిడి చేసే పనికి మొక్కలు సరితూగాలంటే చదరపు మీటరు నేలకు 10 నుండి 1000 మొక్కలు కావాలని తేల్చారు. అంటే పడకగదిలో మనిషికి చోటు ఉండదు. పొగగొట్టం వద్ద జరగవలసిన శుద్ధిని మూడు కుండీలు చేయలేవు. మొక్క కంటికి చలువ, మనస్సుకు ప్రీతి. అందుకోసం పెంచండి, నేనూ పెంచుతాను. కాని గాలి కోసమని చెప్పి, పిల్లికి చెడుపు చేసే మొక్కను ఇంట్లో ఉంచుకోవలసిన అగత్యం లేదన్నది నా అభిప్రాయం.

ఏవి చెడుపు? మన గృహిణులకు సులభంగా అర్థమయ్యే ఉపమానం వంటింట్లోనే ఉన్నది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాము. కంద, చేమ ఉడకకపోతే నాలుకపై, గొంతులో కలిగే ఆ దురదకు ప్రధాన కారణం సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. మనం చింతపండు వేసి, బాగా ఉడికించి దానిని లొంగదీస్తాము. మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్, సింగోనియం, కలేడియం, పీస్ లిల్లీ, ఇవన్నీ ఆ కంద కుటుంబపు చుట్టాలే. వాటిని పచ్చిగా కొరికిన పిల్లికి చొంగ కారుతుంది, ముంగాలితో మూతి రుద్దుకుంటుంది, వాంతి అవుతుంది, తిండి ముట్టదు. చాలామట్టుకు తేరుకుంటుంది. గొంతు వాచి ఊపిరి ఇబ్బంది అయితే మాత్రం ఆలస్యం చేయరాదు. స్నేక్ ప్లాంట్ వేరే కుటుంబం. దానిలోని సపోనిన్లు వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి.

ప్రాణం తీసేవి వేరు. లిల్లీని గురించి చెప్పాను. కాని ఈ పేరుతో మన భాషలో పెద్ద గందరగోళం ఉన్నది. మన పూల అంగడిలో మూరల లెక్కన అమ్మే లిల్లీ నిజానికి నేలసంపెంగ. జడలోకి, దేవుని పటానికి వాడే ఆ పూవుకు మూత్రపిండాల విషంతో సంబంధం లేదు. పీస్ లిల్లీ కంద జాతిది. కలువ వేరు. పూలగుత్తులలో వచ్చే ఆసియాటిక్, ఓరియంటల్ రకాల పెద్ద లిల్లీలు, తోటలలో పెంచే డే లిల్లీలు, ఇవి పిల్లికి మృత్యువులు. ఆకు, పూవు, పుప్పొడి, చివరకు ఆ పాత్రలోని నీరు కూడా. ఇవి మనిషికి అంత హాని చేయవు, కుక్కకు కూడా కడుపు తిప్పడంతో సరిపోతుంది. పిల్లికే ఈ శాపం. అందుకే ఇంట్లోని పెద్దలకు అనుమానం రాదు.

పేరు చేసే మోసం ఇంకా ఉన్నది. అరెకా పామ్ పిల్లికి నిరపాయకరం. సాగో పామ్ అనే సైకస్ అసలు తాళజాతిది కానే కాదు. దాని గింజలు ముఖ్యంగా, మిగిలిన భాగాలు కూడా, కాలేయాన్ని నాశనం చేస్తాయి. అపార్ట్‌మెంట్ల ద్వారాల వద్ద ఇరువైపులా దానినే నాటుతున్నారు. బోస్టన్ ఫెర్న్ మంచిది. ఆస్పరాగస్ ఫెర్న్ మన శతావరికి చుట్టం, దాని పండ్లు, రసం పిల్లికి సరిపడవు. శతావరికి తెలుగులో పిల్లిపీచర, పిల్లితేగ అని పేర్లు ఉన్నా సరే! పిల్లి పేరు పెట్టుకొన్నదంతా పిల్లికి పథ్యం కాదు.

బాల్కనీలలో గన్నేరు, బిళ్ళగన్నేరు, ఎడారి గులాబీ అనే అడీనియం విరివిగా కనిపిస్తాయి. గన్నేరు, అడీనియం గుండెను పట్టే విషాలు. వీటిని గురించి చర్చ అనవసరం. పిల్లి ఉన్న ఇంట ఉండరాదు, అంతే.

ఇక నాకు మాట్లాడడం కష్టమైన భాగం. ఈ పత్రికను చదివేవారి ఇళ్ళలో నర్సరీ మొక్కలకంటె మందు మొక్కలే ఎక్కువ. కలబంద, రణపాల, వాము ఆకు, ఈ మూడు కుండీలు లేని పాఠకుని ఇల్లు ఉండదేమో. కాలిన చోట కలబంద గుజ్జు పూయమని నేనే ఎన్నోసార్లు వ్రాశాను. ఆ ఆకు తొక్కకింద కారే పసుపు రసం మనకే తీవ్ర విరేచనకారి. పిల్లికి వాంతులు, విరేచనాలు, నిస్త్రాణ కలుగుతాయి. రణపాల ఉన్న కలాంచో జాతి మొక్కలలో గుండె లయను దెబ్బతీసే పదార్థాలు ఉన్నాయి. వాటిని మేసిన పశువులు మరణించిన సందర్భాలు వైద్య గ్రంథాలకు ఎక్కాయి. పిల్లలకు దగ్గు వస్తే వాము ఆకు రసం ఇస్తాము, పిల్లి తింటే అందులోని తైలం దాని కడుపును కలచివేస్తుంది. ఈ మూడింటిని పారవేయమని నేను అనను. ఎత్తున వ్రేలాడదీయండి, లేదా వల తలుపు ఉన్న బాల్కనీకి మార్చండి. మా వైద్యశాలలో రణపాల ఇప్పుడు మేడమీద, తాళం వేసిన తలుపు వెనుక ఉన్నది. తులసికోటను కదపనవసరం లేదు. మా ఇంటి పిల్లి ఎండాకాలం దాని నీడలోనే పడుకుంటుంది, ఒకటి రెండు ఆకులు కొరికినా ఏమీ కాలేదు.

మనిషికి మందైనది పిల్లికి ఎందుకు విషం కావాలి? పిల్లి కాలేయం మన కాలేయం వంటిది కాదు. అనేక పదార్థాలను గ్లూకురోనైడుగా మార్చి బయటకు పంపే ప్రక్రియ మార్జాల జాతిలో చాలా దుర్బలం. అందుచేతనే జ్వరానికి మనం వేసుకొనే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు. కర్పూర తైలం, యూకలిప్టస్ తైలం దాని ఒంటికి రాస్తే నాకి లోపలికి తీసుకుంటుంది. వెల్లుల్లి, ఉల్లి దాని రక్తకణాలను చెడగొడతాయి. మన పూర్వులకు ఈ రసాయన భాష తెలియకపోయినా అసలు సంగతి తెలుసు. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం వేరు, గుర్రాలకు శాలిహోత్రుని శాస్త్రం వేరు. మనుష్య వైద్యుని సూత్రాలను అన్ని ప్రాణులకూ అంటగడితే సరిపోతుందనుకుంటే అంత శ్రమపడి వేరు గ్రంథాలు ఎందుకు వ్రాస్తారు? నాకు ఏనుగు వైద్యం రాదని ఎప్పుడూ సిగ్గుపడలేదు. పిల్లి వైద్యం రాదని చెప్పడానికి మాత్రం ఒక పిల్లి చనిపోవలసి వచ్చింది.

మరి ఏమి పెంచాలి? స్పైడర్ ప్లాంట్ ఉన్నది, పిల్లికి దాని ఆకులతో ఆట ఇష్టం, కొరికినా భయం లేదు. అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, కలాథియా, పెపరోమియా, ఇవి నిశ్చింతగా ఉంచవచ్చు. కలబంద రూపం ముచ్చటపడేవారికి హవర్తియా అచ్చం చిన్న కలబందలాగే ఉంటుంది, దోషం లేదు. బాల్కనీకి మల్లె, గులాబీ చాలు. గులాబీ ముల్లు గుచ్చుకుంటే పిల్లి తానే బుద్ధి తెచ్చుకుంటుంది. అన్నిటికంటె ముఖ్యమైనది, నర్సరీలో దొరకనిది, డబ్బు పెట్టనక్కరలేనిది గరిక. వెడల్పాటి మట్టిపాత్రలో మందు చల్లని చోటినుండి తెచ్చిన గరిక వేళ్ళను నాటి పిల్లికి అందేటట్లు ఉంచండి. గోధుమలు చల్లినా వారంలో మొలకెత్తుతాయి. తనకంటూ గడ్డి ఉన్న పిల్లి ఇతర కుండీల జోలికి తక్కువగా పోతుంది. ఇది మా ఇంట చూచినదే చెబుతున్నాను.

కుప్పింటాకును గురించి కూడా అడుగుతారని తెలుసు. దాని వేరును పెరికితే పిల్లులు వచ్చి మీద పడి దొర్లుతాయి, చూడడానికి మహా సరదాగా ఉంటుంది. చిన్ననాడు మేము గురువుగారి కంటపడకుండా ఈ వినోదం చేసేవాళ్ళం. అది మత్తే గాని పుష్టి కాదు. ఇంట్లో కుండీలో పెంచి రోజూ ఇవ్వవలసిన వస్తువు కాదు.

పిల్లి అనుమానపు మొక్కను కొరికినదని తెలిసిన వెంటనే ఉప్పునీళ్ళు పోసి కక్కించవద్దు, ఆముదం పట్టించవద్దు. నోటిలో మిగిలిన ముక్కలను తీసి, తడిగుడ్డతో మూతి తుడవండి. ఒంటిపై పుప్పొడి ఉంటే అది నాకకముందే తడిగుడ్డతో తీసివేయండి. కొరికిన కొమ్మను ఒక సంచిలో వేసుకొని పశువైద్యుని వద్దకు వెళ్ళండి, పేరు తెలియకపోయినా ఆ కొమ్మ చెబుతుంది. లిల్లీ అయితే వాంతి కోసం ఎదురుచూడవద్దు, తెల్లవారనిమ్మని ఆగవద్దు. నాకు ఫోను చేయవద్దు.

ముంబయి రహదారి వెంట ఉన్న నర్సరీలకు కడియం నుండి లారీలలో మొక్కలు వస్తాయి. ప్రతి కుండీకి ధర చీటీ ఉంటుంది, ఎంత నీరు పోయాలో చెప్పే నోరు ఉంటుంది. "పిల్లలు, పిల్లులు నోట పెట్టుకోరాదు" అన్న చీటీని నేను ఒక్కచోట కూడా చూడలేదు. పురుగుమందు డబ్బాపై విషచిహ్నం వేయాలన్న చట్టం ఉన్న దేశంలో సైకస్ కుండీపై ఒక ఎర్ర చుక్క పెట్టడం కష్టమా? నర్సరీ యజమానులు చెడ్డవారు కారు. అడిగేవారు లేక చెప్పడం లేదు. ఈసారి మొక్క కొనేటప్పుడు మీరు అడగండి. అంతకంటె ముందు, ఏ మొక్క గుణాన్ని వర్ణించినా దాని దోషాన్ని కూడా అదే పేజీలో చెప్పవలసిన బాధ్యత నా వంటి వైద్యులది. వచ్చే నెల రణపాలను గురించి వ్రాస్తానని పాఠకులకు పాత బాకీ ఉన్నది. ఆ వ్యాసంలో మొదటి వాక్యం పిల్లిని గురించే ఉంటుంది.

బీరంగూడ ఇంటికి మొన్న ఉగాదికి వెళ్ళాను. కొత్త కూన వచ్చింది, బూడిదరంగుది. మనుమరాలు నన్ను చూచి లోపలికి పోలేదు. చేతిలోని పూల పొట్లాన్ని నేను బల్లపై పెట్టబోతుంటే ముందుగా విప్పి చూచింది. నేలసంపెంగలు. "ఇవి పర్వాలేదు తాతా" అని కూనను ఎత్తుకొని పక్కన కూర్చున్నది.